ఆడని సినిమాలో మేనత్త

వత్సలా రేడ్కర్ ముఖం మీరు చూసే ఉంటారు, పేరు మాత్రం విని ఉండరు. హిందీ సినిమాల్లో పెద్దింటి పెళ్లి జరుగుతుంటే పెళ్లికూతురి వెనకాల రెండో వరసలో, పట్టుచీర కట్టుకుని, ముక్కుకు ముత్యాల నత్తు పెట్టుకుని, నిండుగా నవ్వుతూ అక్షింతలు వేసే ఒకావిడ ఉంటుంది చూడండి, ఆవిడే. ఇంటిపెద్దకు గుండెపోటు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసేదీ ఆవిడే. ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లిందో, ఎన్ని గుండెపోట్లు చూసిందో ఆవిడకే లెక్క లేదు.

నేను స్టూడియోల్లో చీరలు కట్టేదాన్ని. పొద్దున్నే జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్లందరికీ చీరలు కట్టడం, ప్యాకప్ అయ్యాక విప్పించి, మడతలు పెట్టి ట్రంకుల్లో సర్దడం నా పని. చాలామంది చీర కట్టించుకునేటప్పుడు గుంజలా నిలబడతారు. వత్సలా తాయి అలా కాదు. తాయి అంటే మరాఠీలో అక్క. నేను కుచ్చిళ్లు పోస్తుంటే తనే వేలితో ఆ చివర పట్టుకునేది. "నువ్వు పిన్ను పెట్టి వదిలెయ్ హేమా, మిగతాది నేను చూసుకుంటా. అవతల పదిమంది ఉన్నారు నీకు" అనేది. ఆ మాటకే ఆవిడంటే నాకు ఇష్టం ఏర్పడింది.

ఆవిడది వెంగుర్లా దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. పెళ్లి చేసుకుని పరేల్‌లో ఒక చాల్‌లోకి, ఒకే గది కాపురానికి వచ్చింది. భర్త రేడ్కర్ బట్టలమిల్లులో మగ్గాల మీద పని చేసేవాడు. సమ్మె వచ్చింది, మిల్లు మూతపడింది, మళ్లీ తెరుచుకోలేదు. ఆ మనిషి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని, ఇవాళో రేపో మిల్లు కూత వినిపిస్తుందని ఎదురు చూస్తూ ఆ స్టూలు మీదే ముసలివాడైపోయాడు. ఛాతీజబ్బుతో పోయాడు. పిల్లలు లేరు. పక్క వాటాలో సినిమాలకు మనుషుల్ని పంపే సప్లయర్ ఒకడుండేవాడు. అతను ఒకరోజు, "వహినీ, మీ రంగూ మీ ముక్కూ చూస్తుంటే ఏ వజ్రాల సేఠ్ పెళ్లామో అనుకుంటారు. ఊరికే సోఫాలో కూర్చుంటే కూలి ఇచ్చే చోటుంది, వస్తారా?" అన్నాడు. వదిన వరసపెట్టి పిలిచే మనిషి గదా, నమ్మి వెళ్లింది.

మొదటిరోజు పార్టీ సీను. నవ్వమన్నారు. ఈవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మాతాజీ, ఇది కోటీశ్వరుల పార్టీ! పళ్లు కనపడాలి!" అని అసిస్టెంటు అరిచాడు. పళ్లు చూపించడం నేర్చుకోవడానికి వారం పట్టిందట. ఆ తర్వాత ఇక వెనక్కి చూడలేదు. మా లైన్లో రెండు రకాల మనుషులుంటారు. బజారులో గుంపుగా నడిచేవాళ్లు ఒక రకం, డ్రాయింగ్ రూముల్లో కూర్చోగలిగేవాళ్లు ఇంకో రకం. రెండో రకాన్ని 'డీసెంట్' అంటారు. తాయి మొదటినుంచీ డీసెంటే.

కానీ గిర్‌గావ్‌లో ఉన్న సొంత అన్నగారింటికి మాత్రం ఆవిడ డీసెంట్‌గా కనపడలేదు. కోర్టులో గుమాస్తా ఆయన. సినిమాల్లో చేరిందని తెలిశాక వదినగారు, "మా పిల్లకి సంబంధాలు చూస్తున్నాం వత్సలా. నువ్వు కొన్నాళ్లు ఇటు రాకుండా ఉంటే బాగుంటుంది" అని మెల్లగా చెప్పింది. తాయి ఆ ఇంటికి వెళ్లడం మానేసింది. మేనకోడలి పెళ్లి అయిపోయిన సంగతి దాదర్‌లో పూలమ్మే మనిషి చెబితేగానీ తెలియలేదు. "మీ అన్నగారింట్లో పెళ్లికి పూలన్నీ నేనే ఇచ్చాను తాయీ. మీరు కనపళ్లేదేం? ఊళ్లో లేరా?" అని అడిగిందట.

"మరి నువ్వేమన్నావు?" అని అడిగాను.

"ఏమంటాను? ఒక మూర కొనుక్కుని తల్లో పెట్టుకుని వచ్చా. ఇదుగో" అని తల తిప్పి చూపించింది. ఆరోజు కూడా పెళ్లి సీనే. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకోను చోటు లేదన్న సామెత నాకు ఆరోజు అర్థమైంది.

ఇది జరిగిన రెండేళ్లకు ఆ పెద్ద సినిమా మొదలైంది. పేరు 'సౌ దీయే, ఏక్ ఆంగన్'. ఒకే ముంగిట్లో వంద దీపాలని. ముగ్గురు పెద్ద హీరోలు అన్నదమ్ములు. ఢిల్లీలో పెద్ద ఉమ్మడి కుటుంబం. విడిపోవడం, ఏడవడం, కలుసుకోవడం, మళ్లీ ఏడవడం. గోరేగావ్‌లో మూడంతస్తుల హవేలీ సెట్టు వేశారు. పాలరాయి నిజం పాలరాయే. షాండ్లియర్ వేలాడదీయడానికి ఒక పూటంతా పట్టింది, ఆ పూటంతా పెద్దపెద్దవాళ్లే కింద నిలబడి ఊపిరి బిగబట్టి చూశారు. అంతకంటే నేను నోరెళ్లబెట్టిన సంగతి ఇంకోటుంది. జూనియర్ ఆర్టిస్టులకు అద్దె చీరలు వద్దన్నారు. బనారస్ నుంచి మూటలకు మూటలు కొత్త చీరలు దిగాయి. నా చేతుల్లో అంత బరువైన జరీ అంతకుముందు పడలేదు, తర్వాతా పడలేదు.

డైరెక్టర్‌కి ఒక పట్టుదల. "మన సినిమాల్లో చుట్టాలు రోజుకో ముఖంతో ఉంటారు. నా ఇంట్లో అలా కుదరదు. ఇవాళ ఉన్న చిన్నాన్నే రేపూ ఉండాలి" అన్నాడు. పన్నెండుమందిని మొత్తం షూటింగుకి మాట్లాడి, మెట్ల మీద వరసగా నిలబెట్టి ఒక్కొక్కరికీ వరస చెప్పాడు. తాయి దగ్గరికి వచ్చి, "మీరు చిన్న బువా. దాదాజీకి రెండో కూతురు. హీరోలకి మేనత్త. మీకు మీ వదినంటే పడదు, అన్నయ్యంటే ప్రాణం. గుర్తుంచుకోండి" అన్నాడు. ఆవిడ పక్కన నిలబడ్డ పొడుగాటి పెద్దాయన్ని చూపించి, "వీరు మీ ఆయన, ఫూఫాజీ" అని, కింద మెట్టు మీదున్న సన్నటి పిల్లని చూపించి, "ఇది మీ అమ్మాయి" అని ముందుకు వెళ్లిపోయాడు.

ఆ పెద్దాయన పేరు బ్రిజ్‌నారాయణ్ మాథుర్. అజ్మీర్‌లో రైల్వేలో పనిచేసి రిటైరై వచ్చినవాడు. భార్య లేదు. సొంతంగా మూడు సూట్లున్నాయి కాబట్టి ఎప్పుడూ డాక్టరో జడ్జీయో అయ్యేవాడు. ఆ పిల్ల బేలా. జబల్‌పూర్ నుంచి తల్లితో వచ్చింది. తండ్రి ఎటో వెళ్లిపోయాడు. తల్లి మలాడ్‌లో నాలుగిళ్లలో వంట చేసేది.

డైరెక్టర్ అటు వెళ్లగానే మాథుర్ సాహెబ్ మీసం సవరించుకుని, "భగవంతుడి లీల. అరవై దాటాక పెళ్లామూ కూతురూ ఒకే మెట్టు మీద దొరికారు" అన్నాడు.

"కూతురి పెళ్లి ఖర్చు కూడా మీదే మరి" అంది తాయి.

"ఆ మాట ముందు చెప్పాలిగా! కాగితం మీద సంతకం పెట్టేశానే!"

బేలా పగలబడి నవ్వింది. అలా మొదలైంది.

ఆ చలికాలమంతా అదే ఇల్లు, అదే భోజనాల బల్ల. పొడవాటి ఆ బల్ల చివర వీళ్ల ముగ్గురి కుర్చీలు. బల్ల నిండా పూరీలు, కూరలు, హల్వాలు. కెమెరాకు మెరవాలని వాటిమీద నూనె చల్లేవాళ్లు. మూడోరోజుకి పూరీలు అట్టముక్కలయ్యేవి. మాథుర్ సాహెబ్ ఒకసారి పరధ్యానంగా గులాబ్‌జామ్ నోట్లో వేసుకుని, ఉమ్మలేక మింగలేక, దాదాజీ ఏడ్చే సీనంతా బుగ్గలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతుంటే డైరెక్టర్ మైకులో, "శభాష్ ఫూఫాజీ!" అన్నాడు.

మధ్యాహ్నం మెట్ల కింద నీడలో అసలు భోజనాలు. నేనూ అక్కడే చేరేదాన్ని. తాయి చేపల పులుసు, అన్నం తెచ్చేది. సాహెబ్ కచోరీలు తెచ్చేవాడు. బేలా ఏమీ తెచ్చేది కాదు, అందరిదీ తినేది. తినేసి తాయి ముందు కూర్చుంటే ఆవిడ చిక్కులు తీసి జడ వేసేది. పిల్ల తొమ్మిదితో చదువు మానేసిందని తెలిసి సాహెబ్ పాత పుస్తకాలు తెచ్చి, షాటుకీ షాటుకీ మధ్య లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. "ఫూఫాజీ, ఇంటి పెద్ద చచ్చిపోతున్నాడు, ఇప్పుడు బీజగణితమా?" అని అది గునిసేది. "ఆయన సాయంత్రం దాకా చావడు, లైటింగు మారుస్తున్నారు. ఈ లెక్క చెయ్" అనేవాడాయన. ఒకరినొకరు పేర్లతో పిలుచుకోవడం ఎప్పుడు మానేశారో నేను గమనించలేదు. కెమెరా ఉన్నా లేకపోయినా బువా, ఫూఫా, బిటియా అనే వరసలే.

తాయి ఆ వరసని మనసుకి పట్టించుకుంది. ఒకరోజు కుచ్చిళ్లు పోస్తుంటే, "వదినంటే పడదని చెప్పాడు గదా డైరెక్టరు. ఎందుకు పడదంటావు హేమా?" అని అడిగింది.

"నాకేం తెలుసు తాయీ? ఏదో ఒకటిలే, ఎవరడుగుతారు?"

"ఏదో పెళ్లికి పిలిచి ఉండదు" అంది. తర్వాత ఆ సినిమాలో పెద్దకోడలు, అదే ఈవిడ వదిన, ఎదురైనప్పుడల్లా ఈవిడ మొహం పక్కకి తిప్పుకోవడం మీరు జాగ్రత్తగా చూస్తే కనిపిస్తుంది. ఎవరూ చూడలేదనుకోండి, అది వేరే సంగతి.

పెద్ద హీరో అలిగి వెళ్లిపోయి తిరిగొచ్చి వరసగా పెద్దలందరి కాళ్లకూ దండం పెట్టే సీను ఉంది. రిహార్సల్లో ఆయన పేరున్న నటీనటుల కాళ్లకే వంగి మావాళ్లని దాటి వెళ్లాడు. మామూలే. తీరా అసలు షాటులో ఏమనిపించిందో, తాయి దగ్గర కూడా ఆగి వంగాడు. ఆవిడకి ఎవరూ ఏం చెప్పలేదు. చెయ్యి దానంతటదే ఆయన తలమీదికి వెళ్లింది. "సుఖీ రహా, బాళా" అంది, సుఖంగా ఉండు నాయనా అని మరాఠీలో. ఢిల్లీ కుటుంబంలో మరాఠీ మేనత్త!

డైరెక్టర్ తల పట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. "బాగుంది బువా. అదే హిందీలో అనండి. ఇంకోసారి." రెండోసారి 'జీతే రహో బేటా' అంది. ఇరవై ఏళ్లలో ఆవిడ సినిమాలో పలికిన మాటలు ఆ మూడే.

దీపావళికి సినిమా విడుదల. అప్పటికే దాదర్ దుకాణాల్లో ఆ సినిమా చీరలంటూ నకళ్లు వేలాడుతున్నాయి. రేడియో పెడితే ఆ పాటలే. ఏడాది ఆడుతుందని లైట్లు పట్టేవాళ్ల దగ్గర్నుంచి అందరూ పందాలు కాశారు. మా హవేలీ మనుషులం మొదటిరోజే వెళ్లాం. మాథుర్ సాహెబ్ ముందే వరసలో నిలబడి టిక్కెట్లు తెచ్చాడు. తనకున్న మూడు సూట్లలో మంచిది వేసుకుని, టై కట్టుకుని వచ్చాడు. బేలా తల్లి డబ్బా నిండా కజ్జికాయల్లాంటి గుజియాలు చేసి తెచ్చింది. తాయి తన పెళ్లినాటి పైఠణీ చీర తీసింది. ఆరోజు ఆ చీర కూడా నేనే కట్టాను.

మొదటి గంట ఈలలే ఈలలు. ముగ్గురు హీరోలకూ వేరువేరుగా చప్పట్లు. షాండ్లియర్‌కి కూడా కొట్టారు. తెరమీద భోజనాల బల్ల కనపడగానే బేలా, "అదుగో ఫూఫాజీ బుగ్గ!" అని అరిచింది, చుట్టుపక్కలవాళ్లు కసిరారు. ఇంటర్వెల్‌లో కూడా అందరూ బాగానే ఉన్నారు. ఆ తర్వాతే మొదలైంది. ఒక పాట అయ్యేసరికి ఇంకో పాట. ఒకరు ఏడుపు ఆపేసరికి ఇంకొకరు. అన్నదమ్ములు దేనికి విడిపోయారో జనానికి గుర్తుకూడా లేదు, వీళ్లు ఇంకా వర్షంలో నిలబడి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూనే ఉన్నారు. బాల్కనీ నుంచి ఎవడో, "అరే భాయ్, ఇంకెంతసేపు ఏడుస్తారు? ఇలాగైతే రాత్రి ఆఖరి లోకల్ కూడా వెళ్లిపోతుంది!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. అదుగో, అప్పట్నించి ఏడుపు సీను వస్తే చాలు నవ్వులు. దాదాజీ చచ్చిపోతుంటే ఒకడు, "తొందరగా కానీ తాతా" అన్నాడు. కొండంత రాగం తీసి చివరికి పాడింది ఇదా అన్నట్టు జనం లేచి పోవడం మొదలుపెట్టారు.

తాయి మాట ఆ గోలలోనే వచ్చింది. హీరో వంగాడు, ఆవిడ చెయ్యి పెట్టింది, 'జీతే రహో బేటా' అంది. అది విన్నవాళ్లం మేమే.

బయటికొచ్చాం. మధ్యాహ్నపు ఎండ ఇంకా ఉంది. ఇరానీ హోటల్లో చాయ్ చెప్పారు సాహెబ్. గుజియాల డబ్బా మూత ఎవరూ తియ్యలేదు. బేలా కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాయి, "మన ఇల్లు వాళ్లకి నచ్చలేదు" అంది.

"ఇల్లు బాగానే ఉంది బువా" అన్నాడు సాహెబ్. "ఆ ఇంట్లో మగాడన్నవాడు ఒక్కడైనా పొద్దున లేచి పనికి వెళ్లాడా? రోజంతా మెట్ల మీద నిలబడి ఏడ్చేవాళ్లని చూస్తే ఎవరికి నచ్చుతుంది? నేనైతే మొదటి రీల్లోనే ఉద్యోగం చూసుకోమందును."

"మరి నాకు వదినంటే ఎందుకు పడదో కూడా చెప్పలేదు" అంది తాయి.

ముందు బేలా నవ్వింది. దాన్ని చూసి మేము నవ్వాం. గుజియాల డబ్బా తెరిచాం.

మూడోవారానికి ఆ సినిమా పోస్టర్ల మీద ఇంకో సినిమా పోస్టర్లు పడ్డాయి. దాదర్‌లో ఆ చీరలు తగ్గింపు ధరల కుప్పలోకి చేరాయి. కొన్ని నెలల తర్వాత వేరే షూటింగుకి గోరేగావ్ వెళ్తే హవేలీ కూలగొడుతున్నారు. ప్లాస్టర్ స్తంభాలు దబ్బున పడి పిండిలా లేస్తున్నాయి. కూలీలు మూడో అంతస్తు గోడని నలుగురు పట్టుకుని లారీ ఎక్కిస్తున్నారు. తాయి కాసేపు నిలబడి చూసింది. "అన్ని గదులున్నాయి గదా హేమా. అందులో నాది ఏదో ఎప్పుడూ చెప్పలేదు వాళ్లు" అంది. అని నా చెయ్యి పట్టుకుని, "పద, చీరలు కట్టించుకోవాలి. ఇవాళ ముస్లిం పెళ్లట, నత్తు తీసెయ్యాలి" అంది.

సినిమాతో పాటే మనుషులూ చెదిరిపోతారు, మా లైన్లో అంతే. ఈ ముగ్గురు మాత్రం చెదరలేదు. ఆదివారాలు సాహెబ్ పరేల్ వచ్చేవాడు, బేలా వచ్చేది, చాల్ వరండాలో లెక్కలు సాగేవి. బేలా రెండో ప్రయత్నంలో పదో తరగతి గట్టెక్కింది. దానికి ఇరవై ఒకటి వచ్చేసరికి కల్యాణ్ నుంచి సంబంధం వచ్చింది. దూబే కుటుంబం. కుర్రాడు దినకర్‌కి టీవీలూ టేపురికార్డర్లూ బాగుచేసే కొట్టుంది. వాళ్లమ్మ రామ్‌కలీ నోరున్న మనిషి. పిల్లని చూసి నచ్చిందంటూనే, "మీ తరఫున పెద్దవాళ్లెవరూ లేరా? తల్లీకూతుళ్లే వచ్చి మండపంలో కూర్చుంటారా?" అని అడిగింది. బేలా తల్లి గాభరాపడి, "ఎందుకు లేరు, బువా ఫూఫా బొంబాయిలోనే ఉన్నారు" అనేసింది. అనేసి తిన్నగా పరేల్ వచ్చి తాయి ముందు ఏడ్చింది.

తాయి ఒప్పుకోలేదు. "సినిమాలో అబద్ధమాడితే కూలి ఇస్తారు. పీటల దగ్గర ఆడితే పిల్ల కాపురానికి తగులుతుంది. నేను రాను" అంది.

మాథుర్ సాహెబ్ వచ్చి నచ్చజెప్పాడు. "అందులో అబద్ధమేముంది? చలికాలమంతా ఒకే బల్ల దగ్గర కూర్చోలేదా మనం? దానికి జడలు వేసింది ఎవరు? లెక్కలు చెప్పింది ఎవరు?"

"ఎవరైనా అడిగితే?"

"అడిగినప్పుడు చూద్దాం. అడక్కుండా చెప్పడానికి మనమేం సాక్షులమా?"

వెళ్లాం. కల్యాణ్‌లో స్కూలు మైదానంలో షామియానా. తాయి పసుపురంగు చీరలో పెళ్లికూతురి పక్కన నిలబడి, వచ్చేవాళ్లందరికీ నమస్కారం పెడుతోంది. ఆవిడకి అది చేయి తిరిగిన పని. కానీ ఆరోజు ఒకరికే రెండేసిసార్లు పెడుతోంది, నేను చూశాను. రామ్‌కలీ వచ్చి ఎదురుగా నిలబడి, కళ్లు చిట్లించి, పైనుంచి కిందదాకా చూసింది. సాహెబ్‌నీ చూసింది.

"ఆగండాగండి. మిమ్మల్ని నేను ఎక్కడో... ఆఁ! ఆ సినిమా! దీపావళికి వచ్చింది, వంద దీపాలో ఏదో! అందులో ఉన్నారు మీరిద్దరూ!"

చుట్టాలంతా ఇటు తిరిగారు. బేలా తల్లి మొహం పాలిపోయింది. 

"మీరు సినిమావాళ్లా? అంటే ఈ బువా ఫూఫా అంతా నాటకమా?" అంది రామ్‌కలీ.

తాయి నమస్కారం పెట్టిన చేతులు దించింది. "సినిమావాళ్లమే అమ్మా" అంది. "రక్తసంబంధం లేదు. మీరడిగారు కాబట్టి దాచను. ఆ సినిమాలో ఈ పిల్లకి నేను తల్లిని, ఈయన తండ్రి. సినిమా పోయింది. మేం పోలేదు, దీని దగ్గరే ఉండిపోయాం. తల్లి పక్కనే ఉంది కాబట్టి నేను బువానయ్యాను. అంతే. మీకు ఇష్టం లేకపోతే ఆ చివర కూర్చుని అక్షింతలు వేసి వెళ్లిపోతాం. అది మాకు అలవాటే."

బాజాలవాళ్లు వాయించడం ఆపేశారు. రామ్‌కలీ కొంగు నడుముకి దోపుకుంది.

"ఆ సినిమాకి నేను ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాను. మూడున్నర గంటలు! నడుము పట్టేసింది. దానికి ఎవరు జవాబు చెబుతారు?" అంది.

అప్పుడు సాహెబ్ ఒక పని చేశాడు. మెడలో వేసిన దండ తీసి కుర్చీ మీద పెట్టి, షామియానా చివరికి వెళ్లి, మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు. "నాకు అవమానం జరిగింది. నేను భోంచెయ్యను" అన్నాడు గట్టిగా.

ఉత్తరాది పెళ్లిళ్లలో మేనత్త మొగుడు అలగాల్సిందే. ఏదో ఒక వంక పెట్టి అలుగుతాడు, నలుగురూ వెళ్లి బతిమాలుతారు, అప్పుడు లేస్తాడు. లేకపోతే పెళ్లి జరిగినట్టే ఉండదు వాళ్లకి. రామ్‌కలీ ఒక్క క్షణం ఆయన వీపు వంక చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది. "ఓరి దేవుడా, అలిగాడు! అసలైన ఫూఫానే! ఒరే దినకర్, వెళ్లి కాళ్లు పట్టుకోరా, నీ పెళ్లి ఆగిపోయేలా ఉంది!" అంది. పెళ్లికొడుకు తలపాగాతో సహా పరిగెత్తాడు. సాహెబ్ మూడుసార్లు బతిమాలించుకుని లేచాడు. భోజనంలో జిలేబీలు మాత్రం మామూలుగానే తిన్నాడు.

అప్పగింతలప్పుడు బేలా తల్లిని వదిలి వచ్చి తాయి మెడ పట్టుకుంది. తాయి ఎన్ని అప్పగింతల్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుందో నాకు తెలుసు. ఎంత ఎత్తాలో, ఎప్పుడు ఎత్తాలో ఆవిడకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఆరోజు చేతులు పక్కకి వేలాడుతూనే ఉన్నాయి. ముక్కు, నోరు, గడ్డం అంతా తడి. తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆ మనిషికి. నేనే వెళ్లి కొంగు చేతికిచ్చాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. ప్రతి దీపావళికీ కల్యాణ్‌లో కలిసేవాళ్లు. సాహెబ్ బేలా మొదటి ఇద్దరు పిల్లలకీ లెక్కలు చెప్పాడు, మూడోవాడికి చెప్పేలోపు పోయాడు. సూటు వేసి తీసుకెళ్లారు. గిర్‌గావ్‌లో అన్నగారూ పోయారు, తాయి వెళ్లింది. వదిన చాయ్ ఇచ్చింది, తాగి వచ్చింది. పనులు తగ్గాయి. ఇప్పుడు సినిమా పెళ్లిళ్లకి ఏజెన్సీల నుంచి పొడుగాటి పిల్లలు వస్తున్నారు, ముసలి చుట్టాలు అక్కర్లేదట. నేను కూడా మానేశాను, వేళ్లు పట్టేస్తున్నాయి. ఆడని ఆ సినిమా మాత్రం టీవీలో ఆదివారం మధ్యాహ్నాలు వస్తూనే ఉంటుంది. అప్పుడు నవ్వినవాళ్లే ఇప్పుడు, 'ఎంత బాగుండేవి ఆ రోజులు' అంటూ కునుకుతూ చూస్తున్నారు. ఇల్లంటే అలా ఉండాలి అంటారు. నాకు నవ్వొస్తుంది, ఒక్కోసారి రాదు కూడా.

మోకాళ్ల నొప్పులు మొదలై, చాల్ కూలగొట్టి కొత్త భవనం కడతామనేసరికి తాయి ఎటు పోవాలా అని చూస్తుంటే, బేలా కంటే ముందు రామ్‌కలీయే ఫోను చేసింది. "ఎక్కడికో ఎందుకు? ఇక్కడ ఇంకో మంచం పడుతుంది. నాకూ మాట్లాడ్డానికి మనిషి లేదు, కోడలు కొట్టులో కూర్చుంటుంది" అంది. మూడేళ్లయింది ఆవిడ అక్కడికి చేరి.

మొన్న వానల్లో చూడ్డానికి వెళ్లాను. ఇద్దరు ముసలమ్మలూ గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్నారు. రామ్‌కలీ ఇంట్లో చేప వండరు. వాసన కూడా పడదు. అందుకని మేడమీద డాబా పక్కన తాయికి ఒక కిరోసిన్ స్టవ్ పెట్టించారు.

"ఎక్కడికి తాయీ, ఈ వానలో?" అన్నాను.

"బాంగడా చేపలు వచ్చాయట బజారుకి" అంది తాయి.

"నేను ముట్టుకోను, సంచీ కూడా పట్టుకోను, ముందే చెబుతున్నా" అంది రామ్‌కలీ, గొడుగు విప్పుతూ. "బేరమాడ్డం రాదు ఈవిడకి. చూడ్డానికి సేఠ్ పెళ్లాంలా ఉంటుంది, వాళ్లు రెట్టింపు చెబుతారు. నేను పక్కన లేకపోతే మోసపోతుంది."

"ముక్కు మూసుకుని బేరమెలా ఆడతావే?" అంది తాయి.

"నోటితో ఆడతాను. ముక్కుతో ఆడతారా ఎవరైనా? నడు, నడు, గుంటలో కాలెయ్యకు."

ఒకే గొడుగు కింద, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, ఇద్దరూ నీళ్లు నిలిచిన సందులోకి దిగారు. బజారు దాకా నేనూ వెనకాలే నడిచాను. రామ్‌కలీ దారిపొడుగునా చేపలు తినేవాళ్లని తిడుతూనే ఉంది.